బమ్రోలి గదిలో పత్తి సేద్యం

ఆ రోజుల్లో నేను సూరత్‌లో కూర్చుని జగిత్యాల దగ్గర పత్తి పండించేవాడిని. (నవ్వకండి, అక్కడి బమ్రోలి పేటలో మా గదిలో అందరిదీ అదే సేద్యం.) పత్తి రైతులమంతా పగలు మగ్గాల మీద పాలిస్టర్ నేసి, సాయంత్రం ఫోన్లో చేలకు ఎరువులు వేయించేవాళ్ళం. కొత్తగా పెళ్ళయిన నా ఆశ ఒక్కటే: ఆ ఏడు పత్తి గట్టెక్కితే మగ్గానికి దండం పెట్టి ఇంటికి పోవాలి, మా ఆవిడ దగ్గరే ఉండాలి.

మా చేనుకు బోరు లేదు, వానే దిక్కు. ఒకరోజు బమ్రోలిలో వాన దంచికొట్టింది. గదికి పెద్ద అయిన మా బావ కిటికీలోంచి మబ్బు చూసి, "గీ మబ్బు ఎల్లుండికల్ల మన దిక్కు వస్తది. యూరియా ఎయ్యమను" అని తీర్పు చెప్పాడు. వెంటనే ఆవిడకు వీడియో కాల్ చేశాను. గదిలో ఉన్న తలలన్నీ నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూశాయి.

"ఇయ్యాలనే యూరియా ఎయ్యి, వాన బయల్దేరింది" అన్నాను, నేనే రైలెక్కించి పంపినట్టు.

"గాడ పడ్డ వానకు గీడ ఎరువేస్తరా? భూమి ఎండి నెర్రెలిచ్చింది. జర తడవనియ్యి" అని ఫోన్ పెట్టేసింది.

అందరి ముందూ పరువు పోయింది. మేం పంపిన మబ్బు ఎటు పోయిందో తెలియదు. చాలా రోజులకు వాన పడితే, ఆ తడిలో ఆమె ప్రతి మొక్క పక్కనా కొంచెం యూరియా వేసి మట్టి కప్పింది. కాయ పట్టే వేళకు వాన మళ్ళీ మొహం చాటేస్తే, పక్క చేనువాళ్ళను బతిమాలి, వాళ్ళ బోరు నీళ్ళు సాలు విడిచి సాలుకు పారించింది. కాయలు పగిలి చేను తెల్లబడింది.

నేను గెలిచినవాడిలా ఊరికి వెళ్ళాను. ఆమె పత్తి ఏరుతుంటే గట్టు మీద నిలబడి, "ఇగ సూరత్ పోను. ఇద్దరం గీడనే చేసుకుందాం" అన్నాను. సంబరపడుతుందనుకున్నాను.

ఆమె ఒళ్ళోని పత్తిని సంచిలోకి కుక్కుతూ, తలెత్తకుండా అంది: "ఏడాదేడాది ఎవల్ని బతిలాడాలె? బోరు ఏపియ్యాలె. నువ్వు గాడ ఉంటెనే అయితది."

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పంట పోయి ఉంటే, సూరత్ తప్పదులే అని సరిపెట్టుకునేవాడిని. పండినందుకు పంపేసింది. తప్పు ఆమెది కాదు, అదే ఇంకా చేదు. బోరు వేశాం, నీళ్ళు పడ్డాయి. తర్వాత మోటారు, ఆ తర్వాత డ్రిప్పు పైపులు. ప్రతిదానికీ నేను ఇక్కడే, ఈ సూరత్‌లోనే ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు మా చేనులో మొక్క మొక్కకూ నీళ్ళు అందుతున్నాయట (ఎరువు కూడా ఆ నీళ్ళతోనే). ఇక రానని గదిలో చాటింపు వేసి, బకెట్టూ పరుపూ దానం చేసి రైలెక్కిన అప్పటి నాలోని కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. తిరిగొచ్చాక వాటిని అడగడానికి సిగ్గేసి, పాపం, కొత్త బకెట్ కొనుక్కున్నాడు.