తప్పు నాదే అనే మా ఆయన

దక్షిణాఫ్రికాలోని ఉమ్‌హ్లాలిలో మా ముందుగదే మా ఆయన కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఎవరి మిషను మొరాయించినా "తప్పు నాదే, సారీ" అనేసేవాడు. "చెయ్యని తప్పు నెత్తికెందుకు ఎత్తుకుంటావయ్యా?" అని తిట్టేదాన్ని.

తెల్లవాళ్లతోపాటు అందరికీ ఓటొచ్చిన ఏడాది, ఆయుధపూజనాడు పనిముట్లన్నిటికీ బొట్లుపెట్టి పసుపునీళ్లు చల్లాను. పైమూత తీసి, నడుస్తున్న మిషనుమీద కూడా చల్లాను. చిటుక్కుమని ఆరిపోయింది. అది మా ఊరి బడిలో చెప్పే జులూ జాతి టీచరమ్మది. బడిపిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. చప్పుడుకి మా ఆయన వచ్చి చూశాడు.

"పోవే, కిచెన్‌లోకి పో. నోరెత్తకు," అన్నాడు. ఆమె రాగానే "నా చెయ్యి జారింది, మేడమ్. తప్పు నాదే," అన్నాడు. ఆమె తెచ్చిన కాగితాలు చూసి, వారంరోజులు రెండువేళ్లతో మార్కులన్నీ మళ్లీ కొట్టాడు. నన్ను ఒక్కమాటా అనలేదు. నేనూ ఆమెకి నిజం చెప్పలేదు.

ఆయన పోయినరోజు టీచరమ్మ ఇంటికొచ్చింది. "ఆంటీ, అంకుల్ పనిలో ఒక్కసారే తప్పుచేశాడు. అదైనా దాచుకోలేదు," అని ఏడ్చింది.

"నీ మిషనుమీద పసుపునీళ్లు చల్లి పాడుచేసింది నేనమ్మా, ఆయన కాదు," అన్నాను. ఆయనక్కూడా వినపడాలని గట్టిగానే అన్నాను. అప్పటికే, ఇక్కడి పద్ధతిలో, ఆయన్ని పడుకోబెట్టిన పెట్టెకి మూత బిగించేశారు.