ఆవులో ఉన్న అక్షరం

పంజాగుట్టలో ఒక జన్యుపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టుల విభాగం హెడ్‌గా నేను చేరింది రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, జూన్ నెలలో. ప్రతి రిపోర్టు మీదా చివరి సంతకం నాదే. ఆ సంతకం చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడాదే శంకర్, లావణ్య వచ్చారు. అమీర్‌పేటలో టైలరింగ్ షాపు వాళ్లది. మేనరికం. తొలి బాబు ఫిట్స్‌తో ఏడో నెలలోనే పోయాడు. మళ్లీ బిడ్డను కనొచ్చా అన్నది వాళ్ల ప్రశ్న.

బాబు నుంచి తీసి దాచిన రక్తాన్ని పరీక్షిస్తే, ఒక జన్యువులో ఒక డీఎన్ఏ అక్షరం మారి ఉంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా అదే మార్పు వచ్చింది; ఒక్కరి నుంచే వస్తే మనిషికి ఏమీ కాదు. ఇలాంటప్పుడు అదే జన్యువును ఎలుకలో, కుక్కలో, ఆవులో, కోతిలో వరుసగా పెట్టి చూస్తాం. అక్షరం అన్నిట్లోనూ ఒకేలా ఉంటే, అది మారిన ప్రాణులను ప్రకృతి వరణం బతకనివ్వలేదని లెక్క. బాబుకున్న అక్షరం ఆవుకూ కుక్కకూ మామూలుగానే ఉంది. అవి నిక్షేపంగా బతుకుతున్నాయి కదా అనుకున్నాను.

రూలు ప్రకారం అంతమాత్రానికి "తెలియదు" అనే గడిలోనే ఉంచాలి. శంకర్ నా గదిలో నిలబడి, "తెల్వదంటే ఎట్ల మేడం? అవునో కాదో, గది చెప్పుండ్రి," అన్నాడు. నాకు జాలేసింది. "హాని లేదు" అని సంతకం పెట్టి, "ఆవుకు కూడా ఉందండీ, భయపడకండి," అన్నాను.

పాప పుట్టింది. అయిదో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. అన్న బతికినన్నాళ్లు కూడా బతకలేదు.

పాప రక్తంలోనూ ఇద్దరి నుంచీ వచ్చిన అదే మార్పు ఉంది. ఫైలు మళ్లీ తీశాను. ఆవులో, కుక్కలో ఆ అక్షరంతోపాటు కొంచెం అవతల ఇంకొకటి మారి ఉంది. రెండూ కలిస్తేనే ఆ ప్రొటీన్ సరిగా పనిచేస్తుంది. కోతుల్లో, మనుషుల్లో ఆ రెండోది మారలేదు. అందుకే అక్కడ వరణం ఒప్పుకున్న మార్పును మన దగ్గర ఒప్పుకోలేదు. అయ్యో, ఎంత పని చేశాను! ఆ పక్కన చూసి ఉంటే కనబడేది.

ఇద్దరినీ పిలిచి, తప్పు నాదేనని చెప్పాను.

"గుండీ జరిపితే కాజా సుత జరపాలె గద మేడం," అన్నాడు శంకర్. "గది చూడలేదా మీరు?"

లావణ్య ఒక్కటే అంది: "తెల్వదని రాస్తే ఆగేటోళ్లం."

తర్వాతి సర్వీసంతా తెలియనిదాన్ని తెలియదనే రాశాను. ఎదుట కూర్చున్నవాళ్లు ఏడ్చినా మార్చలేదు. అది నేర్చుకునేసరికి ఆ పాప లేదు.