కుప్పయ్య కొయ్యసుత్తి

తిరుపతిలో కొండ కింద బండ్లకు గాలి కొట్టే కుప్పయ్యను ఎరగని డ్రైవరు ఆ రోజుల్లో లేడు. కార్వేటినగరంలో ఎద్దుబండ్లకు చక్రాలు చేసే ఇంట పుట్టినవాడు. కొయ్య బాగుందో లేదో తట్టి వినడం తండ్రి నేర్పిన విద్య. ఆ విద్యనే రబ్బరుకూ వాడేవాడు. గాలి కొట్టి, కొయ్యసుత్తితో టైరు మీద ఒక దెబ్బ వేసి, అది ఖంగుమన్నాక "సాలు, పో" అంటే బండి కదలాల్సిందే. ఎవరైనా గాలి కొలిచే గేజీ బయటికి తీస్తే ముఖం గంటు పెట్టుకొనేవాడు. మంచివాడే గానీ, అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు ఆయన అల్లుడు గంగాధరం తన పాత టాక్సీకి మిలిటరీవాళ్లు వేలం వేసిన చక్రాలు తగిలించాడు. కారుతో వచ్చినవి అరిగిపోయాయి. కొత్తవి దొరికే కాలం కాదు. ఇవి లావుపాటివి, రబ్బరు బాగా మందం. భార్య మునిలక్ష్మితో, బిడ్డ పుట్టెంట్రుకలు తీయించడానికి కొండకు బయలుదేరి, గాలి కోసం మామ దగ్గర ఆగాడు.

కుప్పయ్య కాసేపు పంపు తొక్కి సుత్తి వేశాడు. టైరు ఖంగుమంది.

"సాలు."

"మామా, ఇవి వేరే చక్రాలు గదా. గేజీ పెట్టి సూద్దామా?" అన్నాడు గంగాధరం మెల్లగా.

"నా సెవి కంటే నీ గేజీ ఎక్కువా అబ్బా?"

చుట్టూ తోటి డ్రైవర్లున్నారు. పిల్లనిచ్చిన మామను పదిమందిలో కాదనే అల్లుడు మా వైపు ఎక్కడుంటాడు? గంగాధరం గేజీని జేబులో వేసుకొని బండెక్కాడు. ఆ మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కారు పోయాక కుప్పయ్య, అల్లుడు పంక్చరు వేయమని దించిపోయిన స్టెప్నీని ముందుకు లాక్కున్నాడు. అదీ మిలిటరీదే. అలవాటు కొద్దీ సుత్తి వేశాడు. ఇందాకటి లాగే ఖంగుమంది. ట్యూబు మూతి విప్పాడు. గాలి నిట్టూర్పంత వచ్చి ఆగిపోయింది.

తను విన్నది గాలి మోత కాదు, మందపాటి రబ్బరు మోత. ఆ సంగతి అప్పుడు తెలిసింది ఆయనకు. పంచె ఎగ్గట్టి అలిపిరి వైపు పరుగెత్తాడు.

"మీ అల్లుడా? ఎప్పుడో ఎక్కిపోయినాడప్పా" అన్నాడు గేటు కాపలా మనిషి.

కుప్పయ్య ఘాట్ రోడ్డు పట్టుకొని ఎక్కసాగాడు. ఎండ ముదురుతోంది. పైనుంచి రావలసిన బండి ఒక్కటీ రావడం లేదు. దోవ ఎక్కడో మూసుకుపోయిందని తెలిసి ఆయన మళ్లీ పరుగందుకున్నాడు.

ఒక మలుపులో జనం మూగి ఉన్నారు. గాలి చాలని ముందు టైరు చక్రం నుంచి ఊడిపోయి, కారు కొండరాతిని గుద్దుకుంది. డ్రైవరు వైపంతా నుజ్జయింది. గంగాధరం మీద ఎవరో తుండుగుడ్డ కప్పారు. పుట్టెంట్రుకలు తీయని బిడ్డను ఒళ్లో పెట్టుకొని మునిలక్ష్మి గట్టున కూర్చుంది.

తండ్రిని చూసి ఆమె ఏడవలేదు.

"దోవలో బండి ఒక పక్కకు లాగతా ఉండాదన్నాడు నాయనా. దిగి గేజీ పెట్టి సూడమంటిని. మామ సాలన్నాడు గదా, మళ్లా సూస్తే ఆయన్ను నమ్మనట్టు అవతాది అన్నాడు."