మాస్టారి రిక్వెస్టు

మా బాబాయి గారు కొత్తపేటలో ముప్ఫయ్యేళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యేరు. వీధిలోకి వెళ్తే నాలుగిళ్లు దాటడానికి అరగంట పట్టేది. ఎదురైన ప్రతివాళ్లూ ఆగి నమస్కారం పెట్టేవారు. పలకరిస్తే పలకని మనిషి ఉంటాడని ఆయనకి తెలీదు.

రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో వాళ్లింట్లోకి కంప్యూటరూ ఇంటర్నెట్టూ వచ్చేయి. పక్క వీధిలో ప్రైవేటు స్కూల్లో చెప్పే నేను, పాత విద్యార్థులు కనపడతారు కదా అని, స్నేహితుల్ని కలిపే సైటు ఒకదాంట్లో ఆయనకి ఖాతా తెరిచేను. ఆ పని ఎందుకు చేసేనా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొదటి వారం పిల్లలు ఒక్కొక్కళ్లే "నమస్తే మాస్టారూ" అని రాస్తుంటే మురిసిపోయేరు. ఆ తర్వాత రాయనివాళ్ల మీద పడింది దృష్టి. నేను సాయంత్రం వెళ్లి చెప్పులు విప్పకుండానే, "అమ్మాయ్, ఓసారి చూడు" అనేవారు. చూసేదాన్ని. నా పేజీ ముందు చూసుకుని, ఆ తర్వాతే ఆయనది. అది వేరే సంగతి.

రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే పాత విద్యార్థి ఒకతనికి, స్నేహితుడిగా కలుపుకోమని రిక్వెస్టు పంపి పన్నెండు రోజులైంది. ఉలుకూ పలుకూ లేదు.

"చూసుంటాడంటావా?"

"చూసుండరు బాబాయి గారూ. వ్యాపారం మనిషి, తీరికుండదు."

"మరి నిన్న ఎవరిదో ఫోటో కింద బాగుందని రాసేడుగా?"

కారణం ఆయనకే తోచింది. తొమ్మిదో తరగతిలో ఓ లెక్క రాలేదని అతన్ని బెంచీ ఎక్కించేరట. ఆ కోపమే అయ్యుంటుందన్నారు. క్షమాపణ టైపు చెయ్యమన్నారు. చెయ్యనన్నాను. మర్నాడు నేను స్కూల్లో ఉండగా ఒంటివేలితో, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, పూటంతా కూచుని ఆయనే రాసేరు. అదీ అందరికీ కనపడేచోట. నేను వెళ్లి చూసేసరికి ఊళ్లో సగం మంది చదివేసేరు. తల పట్టుకున్నాను.

రెండో రోజు ఆదివారం, నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే అతను ఓ అరటి గెలతో దిగేడు. గుమ్మంలోనే నిలబడి, "ఎంత మాట రాసేరు మాస్టారూ. నాకు బెంచీ సంగతే గుర్తులేదండి" అన్నాడు.

"మరి ఒప్పుకోలేదేం?"

అతను తల దించుకున్నాడు. "నా పేజీలో స్నేహితులతో నానా చెత్త మాట్లాడతానండి. తమరు చూస్తే బాగోదని భయపడ్డానండి. కాదంటే ఏమనుకుంటారో అని అదీ చెయ్యలేదు. రోజూ తెరిచి మీ పేరు చూసి మూసేస్తున్నానండి."

ఇద్దరూ రెండు గంటలు కబుర్లు చెప్పుకున్నారు. పిన్ని టిఫిను పెట్టింది. హమ్మయ్య, పీడా వదిలిందనుకున్నాను.

ఆ సాయంత్రమే అతను రిక్వెస్టు ఒప్పుకున్నాడు. చూపించేను. బాబాయి గారు కళ్లజోడు సవరించుకుని, "ఒప్పుకున్నాడు గాని, ఓ ముక్క రాయలేదేం?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పొద్దున్న ఇంటికొచ్చి కూచుని మాట్లాడి వెళ్లేరు కదండీ. ఇంకేం రాయాలి?" అని గట్టిగానే అనేసేను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపటికి, "రేపట్నించి నువ్వు శ్రమపడొద్దులే అమ్మాయ్. నేనే నేర్చుకుంటాను" అన్నారు.

నేర్చుకున్నారు కూడా. ఓ నెలకి మౌసు చక్కగా తిప్పడం వచ్చేసింది. పెరట్లో కొబ్బరి మొక్క ఫోటో పెట్టి, మధ్యాహ్నం విరామంలో మా స్కూలుకి ఫోన్ చేసేరు.

"ఫోటో చూసేవా?"

"పొద్దున్నే స్కూలు కంప్యూటర్లో చూసేనండి."

"మరి..." అని మొదలెట్టేరు. ఏం అడగబోతున్నారో తెలుసు. క్లాసు టైమైందని అబద్ధం చెప్పి పెట్టేసేను. సాయంత్రం నెట్ సెంటర్లో కూచుని, ఏం రాస్తే ఏమనుకుంటారోనని మూడుసార్లు చెరిపి, చివరికి "మొక్క బాగుంది" అని రాసేను.