పెద్దమ్మ ఆపని ప్రోగ్రాం

మా పెద్దమ్మ మొన్న ఆదివారం కన్నుమూసింది. సత్తుపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పోయిందే" అన్నాడు. అప్పటినుంచి నా చెవుల్లో వాన చప్పుడు. బయట మాత్రం ఎండ కాస్తోంది.

ఆమె కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది, చర్చిలో హార్మోనియం వాయించేది. కీర్తన మధ్యలో కరెంటు పోయి పక్కవాళ్లు వాయించే ఎలక్ట్రిక్ కీబోర్డు మూగబోతే, అదే చరణాన్ని హార్మోనియం మీద అందుకునేది. పాట తెగేది కాదు. ప్రోగ్రాం కూడా అట్లాగే ముక్కలుగా రాయాలని, నడుస్తుండగానే ఒక ముక్క తీసి ఇంకొకటి పెట్టేలా ఉండాలని అనేది. "పోయేటోడు ఎక్కడిదాకా పాడిండో విని, వచ్చేటోడు అందుకోవాలె బిడ్డా. గంతే."

చెప్పినంత తేలిక కాదు. గోదావరి మట్టం చూసి బూర్గంపాడు ఒడ్డున ఉన్న వాడవాళ్ల సెల్‌ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం రాసింది. ఆమె పక్కనే కూర్చుని నేను పని నేర్చుకున్నాను. మొదటిసారి ముక్క మార్చినప్పుడు, కొత్తది పాతదాన్ని ఏమీ అడక్కుండా సున్నా నుంచి మొదలుపెట్టింది. నిండు శ్రావణంలో "గోదావరిలో నీళ్లు లేవు" అని అందరికీ మెసేజ్ వెళ్లింది. పడవ నడిపే పెద్దాయన వచ్చి, "ఏందమ్మా, ఇగ భద్రాచలం నడుసుకుంటనే పోవాల్నా?" అన్నాడు. పెద్దమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ, పాతది లెక్క అప్పజెప్పాకే తప్పుకునేలా దిద్దింది.

మరుసటి ఏడు నిజంగానే వరద వచ్చింది. నీళ్లు వాడవైపు ఎగబాకుతుండగా, వంతెన దగ్గరి కొలత తెచ్చే తీగ తెగిపోయింది. వైర్‌లెస్‌లో కొలత తెచ్చే ముక్క సిద్ధంగా ఉంది. "ఆపి, మార్చి మళ్లీ మొదలుపెడదామా?" అన్నాను. అది మళ్లీ లేచేదాకా వాడకు కబురు ఉండదు.

"గోదారి ఆగుతదా? మనమెట్ల ఆపుతం?" అంది.

నడుస్తున్నదాంట్లోనే మార్చింది. తెర మీద అంకె ఉన్నచోటు నుంచే పైకి కదిలింది. ఇళ్లు ఖాళీ చేయమని మెసేజ్ వెళ్లింది. నాకు ఈ విద్య నేర్పింది ఆమే. ఆ రోజు ఆమె చేతులు చూస్తుంటే భయం కూడా మర్చిపోయాను.

సాయంత్రం మేమిద్దరం వాడలోకి వెళ్లాం. మడమల దాకా నీళ్లు, మసక వెలుగు. పెద్దమ్మ ఒక్కో గుమ్మం ముందు ఆగి "ఓ అక్కా, ఉన్నవా?" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. పలకని ప్రతి ఇంటి దగ్గరా ఆమె ముఖం ఇంకాస్త తేటపడింది. చివరి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పొయ్యిలోకి నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. పెద్దమ్మ ద్వారబంధం పట్టుకుని, ఎవరూ పలకకూడదని కోరుకుంటూ, ఇంకోసారి పిలిచింది.