మునసబు గారు తాగి చూసిన నీళ్ళు

పంతొమ్మిది వందల రెండో సంవత్సరం ఎండాకాలంలో, పెద్దాపురం తాలూకాలోని ఒక ఊళ్ళో, కంటికి కనిపించని శత్రువుకీ శాస్త్రానికీ మధ్య జరిగిన మహా సంగ్రామాన్ని ఇప్పుడు చెప్పబోతున్నాను. పద్దెనిమిది పర్వాలు పట్టే కథ ఇది. ఇంత దూరం వచ్చాక నిజం కూడా చెప్పాలి. సంగ్రామం జరిగింది ఒక బావి చుట్టూ. మా వైపు సైన్యం ఒక డాక్టరు, ఒక కంపౌండరు, ఒక రేకు డబ్బా. పర్వాలేమీ అక్కర్లేదు, చుట్ట ఒకటి కాలేలోగా చదివెయ్యవచ్చు.

ఆ కంపౌండరుని నేనే. డాక్టరు రాసిన మందు కలిపి, సీసాలో పోసి, కుదిపి తాగమని చెప్పడం నా ఉద్యోగం. మా డిస్పెన్సరీ డాక్టరు దేవసహాయం గారు. సర్కారు భాషలో ఆయన హాస్పిటల్ అసిస్టెంటు, అంటే దొర డాక్టరుకి కింది మెట్టు. జనానికి మాత్రం డాక్టరు గారే. మిషను బళ్ళో చదువుకుని, మద్రాసు వెళ్ళి వైద్యం నేర్చుకొచ్చారు. అక్కడ ఒకసారి మైక్రోస్కోపులో కలరా క్రిమిని చూశారట. కొందరు కాశీ వెళ్ళొచ్చాక ఇక జన్మంతా కాశీ గురించే మాట్లాడతారు. ఆయనకి ఆ క్రిమి అలాంటిది.

రోగులు లేని మధ్యాహ్నాల్లో నేను పొడులు నూరుతుంటే ఆయన మహానుభావుల కథలు చెప్పేవారు. ఫ్రాన్సులో ఒకాయన మాంసం రసాన్ని హంస మెడలాంటి గొట్టమున్న గాజు కుప్పెలో పోసి మరిగించి వదిలేస్తే, అది ఎంతకాలమైనా చెడలేదట. మెడ విరగ్గొట్టగానే చెడిందట. అంటే కుళ్ళు తనంతట తాను పుట్టదు, బయటినుంచి క్రిములు వచ్చి పడాలి.

"చివరికి ఆ రసం ఎవరు తాగారండి?" అని అడిగాను.

"ఎవరూ తాగలేదయ్యా."

"మరి అంత శ్రమ దేనికండి?"

ఆయన నావైపు జాలిగా చూసి జర్మనీ వెళ్ళిపోయేవారు. జర్మనీ డాక్టరొకాయన కలకత్తా వచ్చి, ఒక చెరువు నీళ్ళలో కలరా బాసిలస్‌ని పట్టుకున్నాడు. బాసిలస్ అంటే పుల్లలా ఉండే క్రిమి. ఇది కాస్త వంగి, ఇంగ్లీషు రాతలో కామా గుర్తులా ఉంటుందట. ఇంతమందిని చంపింది పూర్తి వాక్యం కూడా కాదు, ఒట్టి కామా అని తెలిసి నాకు కొంచెం చిన్నతనం అనిపించింది.

ఆ ఏడు మరమ్మతులకి కాలువల నీళ్ళు కట్టేశాక, ఊరి దగ్గర కాలువ అడుగున ఒక మడుగు మిగిలింది. ఆ నీళ్ళే తాగే ఊరి చివరి పేటలో మరిడి మొదలైంది. మా వైపు కలరాని మరిడి అంటారు. తర్వాత పెద్దవీధిలోనూ ఒకరు పోయారు. మునసబు వీర్రాజు గారు బండి పంపి మమ్మల్ని పిలిపించారు. ఆయన పెద్ద రైతు, గట్టి మనిషి. కాని ఆ రోజు అరుగు మీద కూర్చుని ఉత్తరీయం కొస నలుపుతున్నారు. కూతురు సత్యవతి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమెకి ముందు పుట్టిన పిల్లలెవరూ ఆయనకి దక్కలేదు.

"డాక్టరు గారూ, నాకు పెద్ద చదువులు చెప్పకండి. మా అమ్మాయికి ఏ నీళ్ళు పొయ్యమంటారో అది చెప్పండి చాలు" అన్నారు.

"మడుగు నీళ్ళు మాత్రం వద్దండి. పెద్దవీధి బావిలో మందు వేస్తాం. రేపటికి రంగు పోయి నీళ్ళు తేరుకుంటాయి. అప్పుడు అవి పొయ్యండి. ఈలోగా కాచి చల్లార్చిన నీళ్ళే."

మందు అంటే మా రేకు డబ్బాలోని పర్మాంగనేటు. చూడటానికి ఊదారంగు పలుకులు. నీళ్ళలో పడితే లేత గులాబి రంగు వస్తుంది. నీళ్ళలో ఉన్న మురికిని, క్రిములని అది కాల్చేస్తుంది, ఆ పనిలో తన రంగు పోగొట్టుకుంటుంది. కనక రంగున్నంతసేపు బావి ముట్టకూడదు. రంగు నిదానంగా పోయాక వాడుకోవాలి. ఇంతే శాస్త్రం.

దేవసహాయం గారి తాతలు అలాంటి ఊరి చివరి అంటరాని పేటలోనే పుట్టారు. అందువల్ల బావి గట్టు ఎక్కడానికి ఆయనకి వీల్లేదు. క్రిమిని కళ్ళారా చూసిన ఏకైక మనిషి గొడుగేసుకుని వీధిలో నిలబడ్డారు. దాని పేరు కూడా సరిగా పలకలేని నేను గట్టెక్కి, బొక్కెనలో మందు కలిపి, ఆయన అక్కడినుంచి చెబుతుంటే దించాను. ఆయన ముఖంలో ఏ భావమూ లేదు. ఆయనకి అలవాటే. నాకే అలవాటు లేదు.

ఆ రాత్రి బడి పాకలో పడుకున్నాం. తెల్లవారేసరికి డప్పులు వినిపించాయి.

వెళ్ళి చూస్తే బావి చుట్టూ జాతర. ఎవరో పొద్దున్నే తొంగి చూసి, అమ్మవారు కుంకుమ నీళ్ళయి బావిలో దిగిందన్నారట. మరిడి తగ్గించే మరిడమ్మ తల్లి గుడి ఉన్న తాలూకాలో ఆ మాటకి సాక్ష్యం ఎవరూ అడగరు. ఆడవాళ్ళు పసుపు నీళ్ళు, పానకం, పెరుగన్నం తెచ్చి తల్లికని బావిలోనే పోస్తున్నారు. ఎవరి చెంబుతో వాళ్ళు ఆ గులాబి నీళ్ళు తోడుకుని, కళ్ళకద్దుకుని తాగుతున్నారు. ఏ చెంబు రాత్రి ఏ మంచం పక్కన ఉందో ఆ తల్లికే తెలియాలి.

డాక్టరు గారు గొడుగు తెరవడం కూడా మర్చిపోయారు. "పెరుగన్నం" అన్నారు నెమ్మదిగా, ఎవరో పోయారని విన్నవాళ్ళలా. "బావిలో పెరుగన్నం."

"క్రిములకి కూడా ఆకలేస్తుంది కదండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. పర్మాంగనేటుకి మరిడి క్రిమి, పెరుగన్నం అనే తేడా లేదు. ఏది దొరికితే దాని మీద తన బలమంతా ఖర్చు పెట్టేస్తుంది. మధ్యాహ్నానికి రంగు పోయింది. నీళ్ళు బురద రంగుకి తిరిగి, పైన మెతుకులు తేలాయి. అమ్మవారిని ఎంత బాగా చూసుకుంటే అంత తొందరగా వెళ్ళిపోయింది.

మునసబు గారి తల్లి వెంకమ్మ గారు తీర్పు చెప్పారు. "అమ్మ బావి విడిచి వెళ్ళిపోయిందర్రా. ఆసుపత్రి కంపుకి నిలవలేదు. ఇక ఈ నీళ్ళు ముట్టకండి. మన తాతలనాటి నుంచి కాలువ నీళ్ళేగా తాగాం, మడుగుకే పదండి."

మేం చెప్పిన దానికి ఇది సరిగ్గా తలకిందులు. రంగున్నప్పుడు తాగొద్దంటే తాగారు, వద్దన్న మడుగుకే సిద్ధమయ్యారు.

సాయంత్రం మునసబు గారు మమ్మల్ని పిలిచారు. డాక్టరు గారు అరుగు కింద నిలబడి, క్రిమి సంగతి మొదటినుంచి చెప్పారు. ఫ్రాన్సు, కలకత్తా చెరువు, కామా, అన్నీ. పెద్దవాళ్ళు కూడా దీన్ని వెంటనే నమ్మలేదని చెప్పడానికి మ్యూనిక్ నగరంలోని ముసలి ప్రొఫెసరు కథ కూడా ఎత్తుకున్నారు. ఆ ముసలాయన ఒట్టి క్రిమి వల్ల కలరా రాదని పందెం వేసినట్టు, శిష్యుల ముందు క్రిములున్న గ్లాసెత్తి తాగేశాడట.

మునసబు గారు ముందుకి వంగారు. "తాగాడా?"

"తాగాడండి. అంత మూర్ఖత్వం."

"పోయాడా?"

డాక్టరు గారు అబద్ధం ఆడలేరు. అది ఆయన వైద్యంలో పెద్ద లోపం. "పోలేదండి. కాస్త విరేచనాలయ్యాయి, అంతే. కాని..."

ఆ 'కాని' తర్వాతి మాటలు మునసబు గారు వినలేదు.

మర్నాడు ఉదయం ఆయన స్నానం చేసి, అరుగు మీద కూర్చుని, ఊరందరి ఎదుట చెంబెత్తారు. మడుగు నీళ్ళు. మేం పరుగున వెళ్ళేసరికి చెంబు బోర్లించి చూపించారు.

"ఆ దొర తాగి బతికాడు. నేనూ తాగాను. బతికితే మా అమ్మాయి ఇవే తాగుతుంది, పోతే తాగదు. ఇంతకంటే శాస్త్రం ఏం కావాలండి?"

నాకు ఏ సందర్భానికైనా ఒక ఎగతాళి మాట తయారుగా ఉంటుంది. ఆ పూట దొరకలేదు. ఆయన వాదనలో తప్పెక్కడుందో నాకు కనబడలేదు, ఆయన చావుకి తెగించారని మాత్రం కనబడింది.

ఆ రోజు గడిచింది. మునసబు గారు చుట్ట కాల్చారు, రైతుల్ని కసిరారు, రాత్రి భోజనం చేశారు. మర్నాడు కూడా రాయిలా ఉన్నారు. అది చూసి కొన్ని ఇళ్ళవాళ్ళు ధైర్యంగా బిందెలు పట్టుకుని మడుగుకి వెళ్ళారు. మధ్యాహ్నం మునసబు గారు గోంగూర పచ్చడితో అన్నం తిని, గట్టిగా తేనిచి, "బిందె లోపల పెట్టండి, అమ్మాయికి" అని కేకేశారు.

అప్పుడు దేవసహాయం గారు అరుగెక్కారు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. నీళ్ళ గురించి కాదు, ఆ గుమ్మం గురించి.

"దిగండి" అన్నారు మునసబు గారు.

"దిగనండి. బిందె లోపలికి వెళ్ళకూడదు."

"నేను బతికే ఉన్నాను కదా."

"మునసబు గారూ, వరద గోదాట్లో ఒకడు ఈది ఒడ్డెక్కాడు. ఆ నమ్మకంతో నిండు చూలాలిని దిగమంటారా? ఆ ప్రొఫెసరు కూడా ఒడ్డెక్కినవాడేనండి. గోదావరి లోతు తగ్గలేదు."

మునసబు గారు ఏదో అనబోయారు. ముఖం రంగు మారింది. "ఒక్క నిమిషం ఉండండి" అని మర్యాదగా చెప్పి పెరట్లోకి వెళ్ళారు. తిరిగి ఆయన నడిచి రాలేదు, ఇద్దరు మోసుకొచ్చారు.

చూస్తుండగానే కళ్ళు లోతుకి పోయాయి, పిక్కలు పట్టేశాయి, గొంతు కీచుగా మారింది. ఆ గట్టి మనిషి సాయంత్రానికి నానిన బట్టలా అయిపోయారు. అంత తొందరగా మనిషి కరిగిపోవడం నేను మునుపెన్నడూ చూడలేదు. డాక్టరు గారు గంజి కాయించి, ఉప్పు వేసి, చెంచా చెంచాగా పోస్తూ కూర్చున్నారు. అది ఎవరి చెయ్యి అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. వెంకమ్మ గారు గోడకి ఆనుకుని, "ఇంకో చెంచా పొయ్యి నాయనా" అనడం మాత్రం విన్నాను.

మునసబు గారు ఒకే మాట గొణుగుతున్నారు. "అమ్మాయి... ఏ నీళ్ళు?"

డాక్టరు గారు నావైపు తిరిగారు. "వెళ్ళి కనుక్కో. ఈ నాలుగు రోజులూ ఆమె ఏ నీళ్ళు తాగిందో అడుగు."

అప్పుడు తట్టింది, ఆ సంగతి ఇంతవరకు ఎవరమూ అడగలేదని.

సత్యవతి గారు వెనక వసారాలో తడికకి ఆనుకుని ఏడుస్తున్నారు. పక్కన చెక్కిన కొబ్బరి బోండాల గుట్ట.

"అమ్మా, మీరు మడుగు నీళ్ళు తాగారా?"

"లేదండి."

"బావివా?"

"అవీ తాగలేదండి. వేవిళ్ళప్పటి నుంచి నాకు ఏ నీళ్ళు తాగినా వికారమేనండి. పెరట్లో చెట్లున్నాయిగా. పాలేరు దింపి కొట్టి ఇస్తుంటే బోండాలే తాగుతున్నానండి."

"మరి నాన్నగారికి ఈ సంగతి చెప్పలేదామ్మా?"

"నన్నెవరు అడిగారండి? వీధిలో నా నీళ్ళ గురించి ఊరంతా కొట్టుకుంటోంది. ఆయన చెంబెత్తాక గాని ఆ నీళ్ళు నాకోసమని నాకే తెలియలేదు, అప్పటికే తాగేశారు."

వెళ్ళి డాక్టరు గారి చెవిలో చెప్పాను. ఆయన చెంచా గిన్నెలో పెట్టారు. తర్వాత మునసబు గారి మీదికి వంగి, "అమ్మాయి గారు కొబ్బరి నీళ్ళు తాగుతున్నారండి. ఏ భయమూ లేదు" అన్నారు.

మునసబు గారు కళ్ళు మూసుకున్నారు. అది ఊరటో, సిగ్గో చెప్పలేను. చాలాసేపటికి, "అయితే నాకూ ఒక బోండాం కొట్టించండి" అన్నారు.

ఆయన బతికారు. ఆయన్ని చూసి మడుగుకి వెళ్ళిన అందరూ ఆయనంత అదృష్టవంతులు కారు. దాని మీద హాస్యం ఆడటం నాకు చేతకాదు.

మంచం మీదినుంచే మునసబు గారు హుకుం ఇచ్చారు. బావి తోడించి మళ్ళీ మందు వెయ్యాలి. మడుగు చుట్టూ ముళ్ళకంప కట్టాలి. డాక్టరు గారు అడిగిన మీదట, పేటవాళ్ళకి కూడా ఆ బావి నీళ్ళే తోడి వాళ్ళ కుండల్లో పొయ్యాలన్నారు. గట్టు ఎక్కనిస్తామని మాత్రం అనలేదు. ఈసారి మందు వేసే ముందే బావి గిలక ఊడదీసి మునసబు గారి ఇంట్లో పెట్టాం. గిలక లేకపోతే చేద దిగదు, చేద దిగకపోతే తీర్థం దక్కదు, తీర్థం దక్కని చోట పెరుగన్నం ఎవరూ పొయ్యరు, దణ్ణం పెట్టుకుని గిన్నెతోనే ఇంటికి వెళతారు. రంగు పోయాక గిలక బిగించాం. సత్యవతి గారికి ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా కులాసా.

ఈ కేసు నాకు నేర్పింది రెండు సంగతులు. మొదటిది, శాస్త్రం చెప్పే ముందు రోగినో, రోగం వస్తుందేమోనని భయపడుతున్న మనిషినో పిలిచి, ఏం తాగుతున్నారని ఒక్కసారి అడగాలి. రెండోది, గిలక రెండు పెద్ద మేకుల మీద ఉంటుంది. డిస్పెన్సరీలో సుత్తి ఉండదు. వెళ్ళేటప్పుడే వడ్రంగిని అడిగి ఒకటి పట్టుకెళ్ళాలి.