చెరకులో ఇరుక్కున్న ఇంటర్నెట్

మా డాబా మీది ఇనుప గొట్టం నుంచి నర్సీపట్నంలో అప్పారావు నెట్ సెంటర్ మేడ వరకు గాలిలో దూరం నాలుగు కిలోమీటర్ల నూరు మీటర్లు. రోడ్డు మీద ఆరు కిలోమీటర్ల రెండు వందలు. టెలిఫోను తీగ వెంట వెళితే ఏడు కిలోమీటర్ల పైమాటే. ఆ తీగ దారిలో ఉన్న ప్రతి తాటిచెట్టునూ పేరుపేరునా పలకరించి వస్తుంది. ఈ మూడు దూరాల్లో మనిషికి ఏది అక్కరకు వస్తుందో తెలియక, 2007 సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం ఏడుంబావు మొదలు మధ్యాహ్నం మూడున్నర లోపల నేను మా నాన్న చెరకు తోటకు చేసినంత పని తుఫాను కూడా ఎన్నడూ చేయలేదు. తుఫాను చెరకును పడగొడుతుంది. టేపు పెట్టి కొలిచి కొయ్యదు.

నేను అప్పట్లో నర్సీపట్నంలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఊరు గొలుగొండ వైపు. ఆ ఏడాది టౌనులో బ్రాడ్‌బ్యాండ్ వచ్చిందని జెండాలు కట్టారు. ఎక్స్ఛేంజికి పరుగున వెళ్లి అడిగితే, అక్కడి పెద్దమనిషి నా ఊరి పేరు విని, చనిపోయిన వాళ్ల ఇంటికి వచ్చినట్టు ముఖం పెట్టాడు. తీగ అయిదు కిలోమీటర్లు దాటితే అది బతకదని, అంతకంటే నేనే టౌనుకు ఇల్లు మార్చుకోవడం సులువని సలహా ఇచ్చాడు. అప్పటికి మా ఇంట్లో ఉన్నది పాత పద్ధతి, ఫోను తీగ మీద కీచుమని అరుస్తూ కలిసే ఇంటర్నెట్. ఒక్క పేజీ బొమ్మ పంపడానికి పదకొండు నిమిషాలు. పదో నిమిషంలో మా మేనత్త ఫోను చేసి అందరూ కులాసానా అని అడిగేది. అక్కడితో సరి.

నాకు నెట్ కావలసింది కాలక్షేపానికి కాదు. నా భార్య సలోమి పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తెలుగు డీటీపీ చేసేది. ప్రెస్సు యజమాని ఆమెను మళ్లీ పిలిచాడు. వెళితే అయిదు రోజులు హాస్టల్లో ఉండాలి. మా పాపకు అప్పుడు ఏడాదిన్నర. వెళ్లకపోతే ఇంకొక దారి ఉంది: చేతిరాత పేజీల బొమ్మలు అక్కడి నుంచి నెట్‌లో వస్తాయి, ఈమె ఇంట్లోనే టైపు చేసి ప్రతి సాయంత్రం ఆరు లోపల తిరిగి పంపాలి. మూడు సార్లు ఆలస్యమైతే పని వేరే వాళ్లకు ఇచ్చేస్తానని యజమాని ముందే చెప్పాడు. సలోమి హాస్టలు వైపే మొగ్గింది. "నాకు నమ్మకం ఉన్నది బస్సు మీదండి" అన్నది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో వినబడుతుంది, చాలా అసహ్యంగా.

ఏర్పాటు సొగసైనది, ఇప్పటికీ అంటాను. రెండు పాత టీవీ డిష్‌లు, రెండు వైర్‌లెస్ పెట్టెలు. ఒకటి అప్పారావు మేడ మీద, ఒకటి మా డాబా మీద, ఎదురెదురుగా. అప్పారావు నా క్లాస్‌మేటు. తన బ్రాడ్‌బ్యాండులో నాకు వాటా ఇస్తానన్నాడు. భూమి గుండ్రంగా ఉంది కనుక నాలుగు కిలోమీటర్లలో అది ఎంత ఉబ్బుతుందో లెక్క కట్టి, ఆ ముప్పై మూడు సెంటీమీటర్లను గొట్టం ఎత్తుకు కలిపాను. భూమి వంపును లెక్కలోకి తీసుకున్న మనిషి ఇంకేం మరిచిపోతాడు చెప్పండి? మార్చి నెలలో, చెరకు కోతలు అయిపోయి పొలాలు గుండు చేయించుకున్నట్టున్న కాలంలో, మొదటిసారి కలిపాను. డాబా మీద నుంచి అప్పారావు మేడ, దాని మీద ఆరేసిన దుప్పటి కూడా కనిపించాయి. సిగ్నలు నిండుగా వచ్చింది. సలోమి హాస్టలు మాట మానుకుని, ఇంటి నుంచే చేస్తానని యజమానికి చెప్పింది.

నాలుగు నెలలు రాజభోగం. జూలైలో జబ్బు మొదలైంది. ముందు సిగ్నలు నీరసించింది, తరువాత సాయంత్రాలు పూర్తిగా పడుకుంది. ఆ నెలలోనే రెండు సార్లు ఆలస్యమైంది. ఇక మిగిలింది ఒక్కటే.

నేను వైద్యం ప్రారంభించాను. కేబులు మార్చాను. జాయింట్లకు మైనం పూశాను. అడాప్టరు మార్చాను. డిష్ మీద వాలే కొంగను అనుమానించి దానికి దిష్టిబొమ్మ కట్టాను. కొంగ దిష్టిబొమ్మ మీద వాలింది. చివరికి అప్పారావునే అనుమానించి, నా డిష్‌ను బట్టల తీగ కట్టడానికి పక్కకు తిప్పావా అని ఫోనులో నిలదీశాను.

"మాస్టారూ, మీ డిష్‌ని మా కాకులు కూడా ముట్టుకోట్లేదు" అన్నాడు.

డాబా ఎక్కితే నర్సీపట్నం కనిపించడం లేదన్న సంగతి గమనించకపోలేదు. వర్షాకాలం కదా, మసక అనుకున్నాను. ఇదే కాలంలో మా నాన్న ప్రతిరోజూ భోజనాల దగ్గర ఒకటే మాట. గట్టు మీది చేనులో చెరకు ఈ ఏడు ఏనుగును దాస్తుందట. "సేను సూసినావేట్రా?" అని అడిగేవాడు. నేను చూడకుండానే మెచ్చుకునేవాణ్ణి. ఆ చేనుకు ఒక విడత యూరియా కొని తెచ్చి, దగ్గరుండి వేయించింది కూడా నేనే. ఆ చేను మా ఇంటి నుంచి నర్సీపట్నానికి గీసిన తిన్నని గీత మీదే, ఇంటికి మూడు వందల మీటర్ల దూరంలో, మిగిలిన పొలం కంటే ఆరడుగుల ఎత్తున ఉంటుందని వేరే చెప్పాలా? భూమి పెరగదు గనుక దాన్ని లెక్కించాను. పెరిగే దాన్ని వదిలేశాను.

ఆగస్టులో ఒక వింత జరిగింది. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి సిగ్నలు సున్నా. అయినా సలోమి "ఇవాళ్టి పని అయిపోయిందండి" అనేది. ఎన్ని గంటలకు అని అడిగితే మూడున్నర, నాలుగు అనేది. శాస్త్రం చదివినవాడికి ఇది చాలు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య నేల వేడెక్కి, గాలి పొరలు మారి, తరంగం వంగి, అడ్డును దాటి దిగుతోందని సిద్ధాంతం కట్టాను. నమ్మడమే కాదు, దాన్ని రెండో సంవత్సరం విద్యార్థులకు ఒక పీరియడంతా బోధించాను. వాళ్లు రాసుకున్నారు.

సెప్టెంబరులో అదే తరగతిలో ఎదురెదురు ఏంటెన్నాల పాఠం చెబుతూ, బోర్డు మీద ఇటు ఒక డిష్, అటు ఒక డిష్ వేసి, మధ్యలో అడ్డంకి అంటే ఏమిటో చూపడానికి ఒక చెట్టు గీయబోయాను. ఎందుకో చేయి సన్నగా, నిలువుగా, కణుపులు కణుపులుగా గీసింది. సుద్దముక్క ఆగిపోయింది. విద్యార్థులు అది వెదురా అని అడిగారు. నేను సమాధానం చెప్పకుండా ఇంటికి బయలుదేరాను.

చెరకు ఇంకా పెరుగుతుంది. చక్కెర ఫ్యాక్టరీ వాళ్ల కటింగ్ ఆర్డరు డిసెంబరు దాటితే గానీ రాదు. అంత ఎత్తు చెరకును వంగే తరంగం కూడా దాటజాలదు, సలోమి ఉద్యోగం అప్పటివరకు ఆగదు. నాన్నను అడిగితే ఏమంటాడో తెలుసు గనుక అడగలేదు. శనివారం ఆయన కృష్ణదేవిపేటలో బంధువుల కొత్త ఇంటి ప్రార్థనకు వెళ్లాడు. ఆటో మలుపు తిరిగిన వెంటనే నేను నలుగురు కోతవాళ్లను పొలంలో దింపాను.

ఇక్కడ మీకొక చిన్న పాఠం అవసరం. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. చివరల సన్నగా, నడుమ లావుగా, దోసకాయలా పోతుంది. ఆ దోసకాయ గట్టు మీది చేను దగ్గర ఎంత లావు ఉంటుందో గుణించి, ఏడు మీటర్ల వెడల్పు బాట చాలునని తేల్చాను. దిక్కు కోసం డాబా మీద డిష్ గొట్టం పక్కనే నిలబడి దిక్సూచితో కోణం చూసుకున్నాను. పొలంలో పురికొస కట్టాను. కోతవాళ్లలో పెద్దాయన కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బాబూ, ఆర్డరొచ్చీసిందేటి?"

"వచ్చింది."

"మరి తోటంతా వగ్గీసి, మద్దిలో పాపిడి తీత్తన్నావేటి?"

ఏడు మీటర్లు ఎందుకో వివరించబోయాను. దోసకాయ దగ్గరకు వచ్చేసరికి ఆయన దండం పెట్టి కొయ్యడం మొదలుపెట్టాడు.

మూడున్నరకు పని పూర్తయింది. స్నానం చేసి, అయిదు గంటలకు, వధువు ముసుగు తీసేవాడి గుండెతో పెట్టె ఆన్ చేశాను. సున్నా. డిష్‌ను ఒక వేలు ఇటు, ఒక వేలు అటు జరిపాను. సున్నా. అయిదున్నరకు సలోమి చేతిసంచితో మెట్లెక్కి వచ్చింది. బజారుకు వెళ్లిందనుకున్నాను. ఆరు కావస్తోంది, ఇది మూడో ఆలస్యం. నేను గొట్టానికి ఆనుకుని కూర్చుని, ఆమె ముఖం చూడకుండా చెప్పాను.

"సలోమీ, ఇవాళ పేజీలు వెళ్లవు. నీ పని పోగొట్టాను. సోమవారం హాస్టలు సంగతి కనుక్కుందాం."

"నేను పంపేశానండి."

"ఎలా? సున్నా ఉంది."

"అప్పారావుగారి సెంటర్ నుంచి. పెన్ డ్రైవ్‌లో వేసుకుని షేర్ ఆటోలో వెళ్లొస్తన్నాను, ఆగస్టు నుంచీ. రేపటి పేజీలూ అందులోనే తెచ్చుకుంటాను. పాపని అత్తయ్య సూసుకుంటన్నారు."

నేను లేచి పెట్టె ఆపేశాను. తరువాత, సిద్ధాంతాన్ని కాపాడుకునే చివరి ప్రయత్నంగా, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఏ ఒక్కరోజూ మన డిష్ పనిచేయలేదా అని అడిగాను.

"లేదండి. మూడింటికి ఆటో ఉంటది, అందుకని ఆ టైము."

ఇంత కాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు డాబా మీద ఆ డిష్‌ని అంత ఇష్టంగా తిప్పుకుంటన్నారు. సెప్పబుద్ధెయ్యలేదు" అన్నది. విచారించగా అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, అప్పారావుకు తెలుసు, ఆటో డ్రైవరుకు తెలుసు. నేను మాత్రం ప్రతిరోజూ అప్పారావు సెంటరుకు అర కిలోమీటరు దూరంలో నిలబడి గాలి పొరల గురించి బోధిస్తున్నాను.

నాన్న మర్నాడు చర్చి నుంచి నేరుగా పొలానికి వెళ్లాడు. నేను వెనకాల నడిచాను. ఆయన బాట మొదట్లో నిలబడి, అటు చివరిదాకా చూసి, కాలితో మోళ్లను తాకి, నెమ్మదిగా అన్నాడు.

"పందయితే ఇంత తిన్నగా తొక్కదురా. ఏనుగయితే తాడు కట్టదు. ఇది సదువుకున్నోడి పని."

నేను ఒప్పుకున్నాను. ఇంటర్నెట్ కోసం అని చెప్పాను.

"మరొచ్చిందేటి?"

"రాలేదు నాన్నా."

ఆయన తల ఒక పక్కకు వంచి, తుపాకీ గురి చూసేవాడిలా బాట వెంట చూశాడు. "ఎలాగొస్తది? అటేపు నర్సీపట్నం నేదు కదరా. కొండుంది."

నిజమే. ఇనుప గొట్టం పక్కన పెట్టిన దిక్సూచి ఉత్తరాన్ని కాక గొట్టాన్ని చూసిందన్నమాట. తొమ్మిది డిగ్రీల తేడా. మనిషన్నవాడు లేని ఒక కొండకు, సెంటీమీటరు తప్పకుండా, నేను ఏడు మీటర్ల రాజమార్గం వేశాను. తరువాత ఫ్యాక్టరీ ఫీల్డుమేన్ వచ్చి ఆ ఖాళీ ఏమిటని అడిగితే నాన్న, కొండకు గాలాడటం లేదంటే మా అబ్బాయి దారి ఇచ్చాడని చెప్పాడు. ఫీల్డుమేన్ నావైపు చూసి అదీ రాసుకున్నాడు.

ఆ ఆదివారం రాత్రి నిద్ర పట్టక షేర్ ఆటో వేగం లెక్క వేశాను. నూట ఇరవై ఎనిమిది మెగాబైట్ల పెన్ డ్రైవ్, పాతిక నిమిషాల ప్రయాణం, దారిలో ఇద్దరిని ఎక్కించుకోవడానికి ఆగిన సమయంతో సహా: సెకనుకు దాదాపు ఏడు వందల కిలోబిట్లు. అప్పారావు బ్రాడ్‌బ్యాండ్ రెండు వందల యాభై ఆరు. వాన వచ్చినా ఆటో సిగ్నలు తగ్గలేదు.

కనుక పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ కొండకూ ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వను. నా భార్య పని అయిపోయిందని చెప్పినప్పుడు అందుకు కారణం ఆకాశంలో వెతకను.

నష్టాలు ఈ విధంగా ఉన్నాయి. చెరకు పది సెంట్ల మేర, సుమారు మూడు టన్నులు, పశువులు తిన్నాయి. నలుగురి ఒకరోజు కూలి. వైర్‌లెస్ పెట్టెలు రెండు, తరువాత వేర్వేరు పిడుగులకు కాలిపోయాయి. డిష్‌లు రెండు, ఒకటి అప్పారావు దగ్గర, ఒకదానిలో మా అమ్మ వడియాలు ఎండబెడుతోంది. తప్పుడు సిద్ధాంతం విన్న విద్యార్థులు ముప్పై ఎనిమిది మంది. ఒకడు దాన్ని పరీక్షలో రాశాడు, మార్కులు వేయవలసి వచ్చింది. ఉద్యోగ నష్టం: లేదు.